నాలుగో గడి

కిందటి వారం నన్ను కుర్చీకీ గుమ్మానికీ మధ్య నిలబెట్టి మీ దారిన మీరు వెళ్ళిపోయారు. నేనింకా అక్కడే ఉన్నాను. అక్క చెప్పుల చప్పుడు మెట్ల మీద వినబడుతూనే ఉంది. ఒక మనిషి ఏడు రోజులపాటు మెట్లెక్కుతూ ఉంటే వినేవాళ్ళ గుండె ఏమవుతుందో ఈ పత్రికవాళ్ళకేం తెలుసు!

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. అక్క నర్సు. మంచాన పడ్డ మనిషిని ఇంట్లో ఎలా చూసుకోవాలో, పడుకోబెట్టే తల ఎలా కడగాలో, నొప్పి పెట్టకుండా పక్కకి ఎలా తిప్పాలో రాసే వెబ్‌సైటు ఆవిడది. పేరు ‘పక్కనే ఉన్నాం’. రాత అక్కది, మిగతా చాకిరీ నాది. అందులో పెద్ద చాకిరీ, ఒక కంపెనీ ద్వారా వచ్చే ప్రకటనలు చూసుకోవడం. పేజీలో ప్రకటన కనబడే చోటుని మేం గడి అంటాం. ఏ పేజీలో ఎన్ని గడులుండాలి, ఏ రకం ప్రకటనలు రానివ్వాలి, ఎవర్ని గుమ్మంలోనే ఆపాలి, ఏ గడి ఎంత సంపాదించింది, అన్నీ నేనే చూస్తాను. వచ్చిన డబ్బుతో గాలి పరుపులు కొని, అవసరమైనవాళ్ళకి ఊరికే వాడుకోమని ఇస్తాం. మొదటి పేజీలో అందరికంటే పైన అక్క ఒక మాట రాసిపెట్టింది: ‘ఇక్కడ చెప్పిందేదీ డబ్బు తీసుకుని చెప్పింది కాదు.’

పదకొండు వారాల కిందట పడక పుండ్ల పేజీలోకి ఒక నూనె ప్రకటన దిగింది. ‘రోజూ రాయండి. ఇక రెండు గంటలకోసారి తిప్పే బాధ లేదు’ అని. ఇంతకంటే పచ్చి అబద్ధం ఇంకోటి ఉండదు. తిప్పకపోతే పుండు పడుతుంది, ఏ నూనె రాసినా పడుతుంది. ఆ నూనె కంపెనీ వెబ్ చిరునామా చూసి ఆపేశాను. రెండోరోజు మళ్ళీ వచ్చింది, ఇంకో చిరునామాతో. ఆరుసార్లు ఆపాను, ఆరుసార్లూ వచ్చింది. మా సైటులో డెబ్భై పేజీలున్నాయి. మిగతా అరవై తొమ్మిదింటి వైపు అది కన్నెత్తి చూడలేదు.

ఇవాళ పొద్దున ఒకాయన ఫోన్ చేశాడు. పాతికేళ్ళు లారీ నడిపి మానేసినాయన. భార్యకి ఎనిమిది నెలల కిందట కాళ్ళు పడిపోయాయి. “మీ పేజీలో ఉంది కదమ్మా అని నూనె తెప్పించాను. తిప్పడం మానేశాను. ఇప్పుడు నడుం కింద నల్లగా అయింది” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఏదో తప్పు చేసి మా దగ్గర ఒప్పుకుంటున్నట్టు మాట్లాడాడు. సీసా పట్టుకుని మధ్యాహ్నం రమ్మన్నాను.

ఫోన్ పెట్టేసి మొత్తం తవ్వాను. పడక పుండ్ల పేజీలో నేను పెట్టినవి మూడు గడులు. పైది, పక్కది, కిందది. ఇప్పుడు లెక్కపెడితే నాలుగున్నాయి. నాలుగోది సరిగ్గా పేజీ నడిబొడ్డున ఉంది. పెట్టిన మనిషి పేరు అక్కది. దాని పక్కనే ‘ప్రకటనదారులు ఈ చోటుని కోరి ఎంచుకోవచ్చు’ అని ఉంటే, దానికి పెట్టిన టిక్కు కూడా అక్కదే. ఎవడైనా ‘నాకు ఈ ఒక్క చోటే కావాలి’ అని డబ్బు కట్టి కూర్చోవచ్చన్నమాట. కింద ‘వివరణ’ అని ఇంకో పెట్టె ఉంది. అది తెరవబోతుంటే మెట్ల మీద చప్పుడు.

అదీ సంగతి. ఇక తలుపు తీస్తున్నాను.

అక్క లోపలికొచ్చి, సంచి మేకుకి తగిలించి, చెప్పులు విడిచి, నా మొహం కూడా చూడకుండా బల్ల దగ్గర కూర్చుంది. డ్యూటీ నుంచి రాగానే ఆవిడకో అలవాటు. ఆ రోజు వార్డులో గమనించినవన్నీ మర్చిపోకముందే చీటీల మీద రాసేసుకుంటుంది. అవే తర్వాత పేజీలవుతాయి. చీటీలకి మాకు కరువు లేదు. కింద బావగారి ప్రెస్సు. కత్తిరించగా మిగిలిన కాగితాలన్నీ గుత్తులు గుత్తులుగా పైకొస్తాయి. ఒకవైపు ఏవేవో అచ్చు ముక్కలు, రెండోవైపు ఖాళీ. సరుకుల జాబితా నుంచి నా ఫోన్ నంబర్ల దాకా మా ఇంటి బతుకంతా వాటి వెనకే ఉంటుంది.

ఆర్నెల్లు మూగపోయి ఉన్న ప్రెస్సు ఈ మధ్యే మళ్ళీ నోరు విప్పింది. పొద్దస్తమానం మిషను ఆడుతూనే ఉంది. గది నేల సన్నగా వణుకుతుంది, కిటికీ అద్దం గుయ్‌మంటుంది. ఆ చప్పుడు వింటే మా అందరికీ ప్రాణం లేచొస్తోంది. ఇవాళ మాత్రం నా తల నొప్పెట్టింది.

“అక్కా, నాలుగో గడి నువ్వు పెట్టావా?”

“ఏ నాలుగో గడి?”

“పడక పుండ్ల పేజీలోది. మధ్యలోది.”

అక్క కలం ఆపకుండానే ఆలోచించింది. “ఆఁ, అవును. నేనే పెట్టాను. ఏం, పాడైందా?”

ఇదండీ మా అక్క. నేను పొద్దున్నుంచీ దొంగని పట్టుకోబోతున్నట్టు గుండె చేతబట్టుకుని కూర్చుంటే, ఆవిడ కొళాయి కారుతోందా అన్నట్టు అడిగింది. కాదంటే ఏం చేయాలో ఆలోచించుకుని ఉన్నాను. అవునంటే ఏం చేయాలో ఆలోచించుకోలేదు. నా దగ్గరున్న మాటలన్నీ ఒక్కసారిగా తలకిందులయ్యాయి.

“నాకు చెప్పకుండానా?”

“నువ్వప్పుడు జ్వరంతో పడున్నావు కదే. రెండేళ్ళయింది. నీకు పని తగ్గుతుందని నేనే కూర్చుని చేశాను.”

రెండేళ్ళు! నా అయోమయం కాస్తా రెండింతలయింది. గడి రెండేళ్ళ నాటిది, నూనె పదకొండు వారాలది. మధ్యలో ఇన్ని రోజులు ఆ గడిలో ఏముంది? ఉంటే నేనెందుకు చూడలేదు? వెనక్కి వెళ్ళి రాబడి పట్టిక తీశాను. అప్పటిదాకా ఆ గడి తెచ్చింది సున్నా. సున్నాలున్న వరసలు కనబడకుండా దాచేసే మీట ఒకటుంది, అది నొక్కి పెట్టుకున్నది నేనే. పని సులువవుతుందని నొక్కాను. డబ్బు రావడం మొదలయ్యాక మొత్తం చూసి సంతోషించానే తప్ప ఒక వరస పెరిగిందని చూసుకోలేదు. కళ్ళు మూసుకుని ఇల్లంతా చూశాననుకునే రకాన్ని నేను.

“మరి ఇప్పుడు సైటుకొచ్చే డబ్బులో సగం ఆ గడిదే. తెలుసా నీకు?”

“మంచిదేగా. మొన్న రెండు పరుపులు వచ్చింది అందుకేనా?”

“అక్కా!” అని అరిచాను. “ఆ నూనెవాడి దగ్గర నువ్వేమైనా తీసుకున్నావా?”

అన్నాక తెలిసింది అన్నానని. అక్క కలం మూత పెట్టింది. నన్ను పెంచిన మనిషి. అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, తనకి పంతొమ్మిది. తన చదువు సగంలో ఆపి నాకు జడలు వేసిన మనిషిని పట్టుకుని నేనడిగిన మాట అది. నోరు జారడమంటే ఇంతకంటే ఉండదు.

“ఏ నూనె?” అంది మెల్లిగా.

ఆవిడకి నిజంగా తెలీదు. అక్క తన పేజీలు ఎప్పుడూ చదవదు. రాసి పంపిస్తుంది, అంతే. ఫోన్‌లో ప్రకటనలు కూడా కనబడనివ్వకుండా నేనే సర్ది ఇచ్చాను. సొంత సైటులో ఎవరేం అమ్ముతున్నారో మా అక్కకి తెలియకుండా చేసింది కూడా నేనే.

లారీ ఆయన సంగతి చెప్పాను. తిప్పడం మానేశాడని చెప్పగానే అక్క మొహం మారిపోయింది. “నల్లగా అయిందన్నాడా? నల్లగానేనా, ఎర్రగానా? జ్వరం ఉందన్నాడా?” అని ఒకటే ప్రశ్నలు. నాకేం తెలుసు? నేను గడుల మనిషిని.

“వాడు ఆ ఒక్క పేజీలోనే ఎందుకొస్తున్నాడు? నాకదొక్కటి అర్థం కావట్లేదక్కా. అసలు వివరణలో ఏం రాశావు నువ్వు?”

“ప్రకటనల కంపెనీవాళ్ళే అడిగారు కదే. ‘మీ పాఠకుల గురించి ప్రకటనదారులకు చెప్పండి’ అని ఖాళీ పెట్టె ఇచ్చారు. అడిగారని చెప్పాను. చదువు. చదివాక నన్నేమైనా అను.”

తెరిచాను. పైకి చదివాను, అక్క వింటుండగా.

‘ఈ పేజీకి వచ్చేవాళ్ళు సరిగ్గా నిద్రపోయి చాలా రోజులై ఉంటుంది. ఎక్కువమంది ఒంటరిగా చూసుకుంటున్నారు. పుండు చూసి భయపడి ఉంటారు, తమ వల్లే వచ్చిందనుకుంటారు. డాక్టరు దగ్గరికి మోసుకెళ్ళే ఓపిక ఉండదు. ఫలానాది రాస్తే తగ్గుతుందని ఎవరు చెప్పినా నమ్మేస్తారు, ఎంతైనా పెట్టి కొంటారు. దయచేసి వీళ్ళతో నెమ్మదిగా, నిజం మాట్లాడండి.’

ఆఖరి వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ మొదటి వాక్యానికి వెళ్ళాను.

ఇది మీకెలా వినిపించిందో తెలీదు. నాకు వెంటనే వెలిగింది. వార్డులో డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకి అప్పజెప్పే మాటలివి. నాలుగో మంచం ఆవిడ భయపడుతోంది, గట్టిగా మాట్లాడొద్దు. ఏడో మంచం ఆయనకి రాత్రి నిద్ర లేదు, ముందు ఆయన్ని చూడు. అక్క ఇరవై ఏళ్ళుగా రోజూ రాస్తున్న మాటలే. తర్వాత వచ్చే మనిషి కూడా తనలాంటిదే అనుకుని రాసింది. ప్రకటనలవాళ్ళని కూడా సాయంత్రం డ్యూటీకొచ్చే నర్సులనుకుంది మా పిచ్చితల్లి.

“బాగానే రాశాను కదా?” అంది. ఆ అడగడంలో కొంచెం భయం ఉంది.

“బాగా రాశావక్కా. అదే వచ్చింది చిక్కు.” ఎలా చెప్పాలో తెలియలేదు. “ఇది ప్రకటనలిచ్చేవాళ్ళందరికీ కనబడుతుంది. వాళ్ళు గడులు ఏరుకునేటప్పుడు ఇది చదువుకునే ఏరుకుంటారు. మంచివాడు చదివితే నువ్వన్నట్టే జాగ్రత్తపడతాడేమో. ఇంకోడు చదివితే? నిద్రలేదు, ఒంటరి, భయం, ఏదైనా నమ్ముతారు, ఎంతైనా పెడతారు. వాడికి కావలసిందంతా నువ్వే వరసగా రాసిచ్చావు.”

అక్క స్క్రీను దగ్గరికొచ్చి, వంగి, తను రాసింది తనే చదువుకుంది. చదువుతుంటే పెదాలు కదిలాయి. రెండోసారి చదివింది. మూడోసారి సగంలో ఆపేసి నా కుర్చీ వీపు పట్టుకుంది. అక్క ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, ఇవాళ కూడా చూడలేదు. కానీ కుర్చీ పట్టుకున్న ఆ చెయ్యి వదలడానికి చాలాసేపు పట్టింది.

“నా మంచాలన్నీ నేనే చూపించానే వాడికి” అంది.

“నువ్వు కావాలని చేశావా?”

“కావాలని చేయకపోతే ఆవిడ నడుం నల్లబడకుండా ఉందా?”

నేను స్క్రీను వైపు తిరిగాను. పనికొచ్చేది ఏదైనా చేయాలి, లేకపోతే బుర్ర పనిచేసేలా లేదు. అయినా ఒకటి నన్ను పీకుతూనే ఉంది. ప్రకటనల కంపెనీ దగ్గర మాలాంటి సైట్లు ఎన్ని లక్షలుంటాయో! అందులో మాది ఏ మూల? రెండేళ్ళు ఎవరి కంటా పడని గడి పదకొండు వారాల కిందట ఒకడి కంట్లో ఎలా పడింది? దారిన పోయేవాడికి మా ఇంటి వంటగది అలమారలో ఏముందో తెలిసినట్టుంది ఈ వ్యవహారం. ఎంత ఆలోచించినా తలా తోకా దొరకలేదు.

“టిక్కు తీసేస్తే ఏమవుతుంది?” అంది అక్క.

“ఎవడూ ఆ చోటుని కోరి తీసుకోలేడు. గడే తీసేస్తే ఇంకా నయం. కాకపోతే రాబడి సగం పోతుంది. ఇంకో పరుపు కొనడానికి మళ్ళీ ఏడాది పడుతుందేమో.”

“తీసెయ్.”

“ఇంకో పక్క నలుగురు పరుపు కోసం రాసి ఉన్నారక్కా...”

“ఆ నలుగురికీ నేనే చెప్పుకుంటాను. తీసెయ్.”

తీసేశాను. వివరణ తుడిచేశాను, టిక్కు తీశాను, గడి ఎత్తేశాను. ఎందుకైనా మంచిదని ఇకమీదట నూనెలూ మందులూ అమ్మేవాళ్ళెవరూ సైటు మొత్తంలో అడుగుపెట్టకుండా ఆ రకమే మూసేశాను. పేజీ మళ్ళీ తెరిచి చూస్తే నడిమధ్య తెల్లటి ఖాళీ. అక్క రాసిన వాక్యం, ఖాళీ, మళ్ళీ అక్క రాసిన వాక్యం. పదకొండు వారాల్లో మొదటిసారి ఆ పేజీ అచ్చంగా మా పేజీలా ఉంది.

అప్పుడే తలుపు తట్టారు.

లారీ ఆయన పొడుగు మనిషి. మా గుమ్మంలో వంగి వచ్చాడు, వచ్చాక కూడా వంగే నిలబడ్డాడు. పక్కింటావిణ్ణి భార్య దగ్గర కూర్చోబెట్టి వచ్చానన్నాడు. కూర్చోమంటే కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

“లారీలోంచి తీసిన గడియారం ఒకటుందమ్మా మా ఇంట్లో. ఎనిమిది నెలలు దాని మీదే నడిచాం. రెండు గంటలకోసారి తిప్పేవాణ్ణి. ఒక్కసారి తప్పలేదు. మీరు రాసినట్టే మోకాళ్ళ మధ్య దిండు పెట్టేవాణ్ణి. తర్వాత అదే పేజీలో ఈ నూనె చూశాను. ఈ పేజీ రాసే ఆవిడే చెబుతోంది కదా, ఇక తిప్పక్కర్లేదేమో అనుకున్నా. ఆ రాత్రి పడుకున్నానమ్మా. తెల్లారిందాకా పడుకున్నాను.”

చివరి మాట అంటున్నప్పుడు ఆయనకి సిగ్గేసింది. పడుకున్నందుకు.

అక్క ఆయన ఎదురుగా కింద కూర్చుంది. “బాబాయ్ గారూ, ఆ నూనె మాట నేను చెప్పింది కాదు. కానీ నా పేజీలోకి వచ్చింది నా వల్లే. తప్పు నాది, మీది కాదు” అంది. ఒక్క సాకు చెప్పలేదు. రెండేళ్ళనీ, తెలియదనీ, పెట్టె వాళ్ళే ఇచ్చారనీ ఏమీ చెప్పలేదు. నేనైతే ఈపాటికి నీళ్ళు నములుతూ ఉండేదాన్ని.

“ఎంత మేర ఉంది? వాసన వస్తోందా? అన్నం తింటున్నారా ఆవిడ?” అని అడుగుతూనే లేచి సంచిలో గాజుగుడ్డ, చేతి తొడుగులు, కత్తెర సర్దడం మొదలుపెట్టింది. “నేనిప్పుడే మీతో వస్తున్నాను. చూసి, ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే తీసుకెళదాం. ఒసే, ఆయన చిరునామా రాసుకో. సీసా అక్కడ పెట్టించు.”

ఆయన జేబులోంచి సీసా తీసి నా ముందు బల్ల మీద పెట్టాడు. చిన్న గాజు సీసా, చుట్టూ పచ్చటి కాగితం. కాగితం మీద తెల్లటి ఆకు బొమ్మ. ఆకు కింద బంగారు గీత.

నేను చీటీల గుత్తి అందుకుని పైదాని మీద చిరునామా రాసుకున్నాను. చింపి అక్కకి ఇవ్వబోతే దాని వెనకవైపు కళ్ళబడింది. పచ్చరంగు. దాని మీద తెల్లటి ఆకు, సగానికి కత్తిరించింది. బంగారు గీత, అదీ సగమే.

మొదట ఏమీ అనిపించలేదు. రోజూ చూసే చీటీయే కదా. తర్వాత సీసా వంక చూశాను. చీటీ వంక చూశాను. మళ్ళీ సీసా.

నా కంప్యూటరు పక్కన గోడకి ఇంకో చీటీ అతికించి ఉంది. నూనెవాడి చిరునామాలు ఆరూ నేను వరసగా రాసుకున్నది దాని మీదే. ఊడదీసి తిరగేశాను. కత్తిరింపులో పైన సగం పోయి ఒక్క వరస మిగిలింది. బావగారి అచ్చు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది, ఒక్క అక్షరం చెదరదు.

‘...గంటలకోసారి తిప్పే బాధ లేదు.’

పదకొండు వారాలుగా వాడి చిరునామాలు వాడి కాగితం వెనకే రాసుకుంటూ, వాడెవడా అని తల బద్దలుకొట్టుకుంటున్నాను. పదకొండు వారాలుగానే కింద మిషను ఆడుతోంది. ఆ చప్పుడు విని మేమందరం సంతోషపడుతున్నాం. నాకు అన్నీ ఒక్కసారి అర్థమైనట్టే ఉంది, ఏదీ అర్థం కానట్టే ఉంది. బావగారికి తెలిసి చేశారా? ఇచ్చిన కాగితం అచ్చేశారు అంతేనా? మా సైటు సంగతి, మా గడి సంగతి వాడి చెవిన వేసింది ఎవరు? అక్కకి చెప్పాలా? ఇప్పుడా, ఈ లారీ ఆయన ముందా?

అక్క నాకు వీపు పెట్టి సంచి సర్దుతోంది. చీటీని గుప్పిట్లో నలిపేశాను.

కింద మిషను ఆగింది. నేల వణుకు తగ్గింది, కిటికీ అద్దం ఊరుకుంది. మెట్ల మీద అడుగులు, రెండేసి మెట్లు ఒక్కసారిగా ఎక్కుతున్న అడుగులు. బావగారు సిరా చేతులు గుడ్డతో తుడుచుకుంటూ లోపలికొచ్చారు. మొహంలో కంగారు.

“మరదలు పిల్లా, మన సైటుకేమైనా అయిందా? పార్టీ ఇప్పుడే ఫోన్ చేశాడు. పుండ్ల పేజీలో మధ్య గడి మాయమైందట. ఇవాళ్టిలోగా రాకపోతే లేబుళ్ళ ఆర్డరు ఆపేస్తాడట!”

అక్క గాజుగుడ్డ మడత పెడుతూనే ఉంది. వెనక్కి తిరగలేదు.

“ఏ పార్టీ అండీ?” అంది.

బావగారు నోరు తెరిచారు. అప్పుడే ఆయన చూపు కుర్చీ అంచు మీద కూర్చున్న పెద్దాయన మీద పడింది. అక్కణ్ణుంచి బల్ల మీది సీసా మీదికి వచ్చి ఆగిపోయింది.